అచ్చు వేయకముందే అడగాల్సిన ప్రశ్నలు: హైదరాబాద్ సంపాదకులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని తెలుగు పత్రికల, వార్తా చానళ్ల సంపాదకులకు, ఇన్‌పుట్ ఎడిటర్లకు, క్రైమ్ రిపోర్టర్లకు,

నమస్కారం.

నేను నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను. కొన్నేళ్లుగా మా కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యురాలిని. అందరూ ఐసీసీ అంటారు. ఏదైనా కాలేజీలో ఒక అమ్మాయి ఫిర్యాదు చేసిందన్న కబురు బయటికి పొక్కితే మీ దగ్గర నుంచి ఫోన్లు వచ్చేది మాలాంటి వాళ్లకే. ‘మేడమ్, ఒక్క బైట్ ఇవ్వండి’ అంటారు. ఇవ్వలేం. పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, 16వ సెక్షన్‌లో, ఫిర్యాదులో ఏముందో, ఎవరు ఎవరి మీద పెట్టారో, సాక్షులెవరో, విచారణలో ఏం జరిగిందో ఏ రూపంలోనూ బయటపెట్టకూడదని చెబుతోంది. అందుకే ఈ లేఖలో మా కమిటీ ముందుకు వచ్చిన ఏ ఒక్క ఫిర్యాదు ఊసూ ఉండదు. ఇక్కడ రాసేవన్నీ ఇప్పటికే లోకానికి తెలిసిన ఉదంతాలు, కోర్టు తీర్పులు.

క్యాంపస్‌లలో లైంగిక దాడుల వార్తలు మీరు రాస్తున్న తీరు గురించి నాకు ఒకటే ఫిర్యాదు ఉంది. అనుమానించాల్సిన మొదటి రోజున మీరు ఎవరినీ ఏమీ అడగరు. అమ్మాయి చెప్పిందన్నది, పోలీసులు చెప్పింది, యాజమాన్యం చెప్పింది, వాట్సాప్‌లో వచ్చింది అన్నీ ఒకే వరుసలో నిజాలుగా నిలబడతాయి. కథ ఎక్కడో బెడిసికొట్టగానే అప్పటిదాకా దాచుకున్న అనుమానమంతా ఒక్కసారిగా ఆ అమ్మాయి మీద పడుతుంది. ఈ రెండూ వేర్వేరు తప్పులని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నా దృష్టిలో రెండో తప్పును కనేది మొదటిదే.

2021 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. నగర శివారులో ఒక విద్యార్థిని, తనను ఆటోలో ఎత్తుకుపోయి సామూహిక అత్యాచారం చేశారని చెప్పింది. దర్యాప్తు మొదలైందో లేదో, టీవీల్లో అది రుజువైపోయిన సంగతిగా మారింది. కొద్దిరోజులకే పోలీసులు సీసీటీవీ దృశ్యాలు పరిశీలించి, ఆమె చెప్పినట్టు జరగలేదని ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. నిన్నటిదాకా కన్నీళ్లు పెట్టుకున్న గొంతులు ‘డ్రామా’ అన్నాయి. ఆ నెల ముగియకముందే ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఆత్మహత్యకు ఏదో ఒక్క కారణం అంటగట్టడం తప్పు. నేను అంటగట్టను. కానీ ఆ మొదటి సాయంత్రం గురించి అడగకుండా ఉండలేను. ‘తనపై దాడి జరిగిందని ఒక యువతి ఫిర్యాదు చేసింది, పోలీసులు దర్యాప్తు చేస్తున్నారు’ అని రెండు వాక్యాలు చదివి ఊరుకుని ఉంటే ఏం పోయేది? ఆ రెండు వాక్యాలు మొదటి రోజు ఎంత నిజమో చివరి రోజూ అంతే నిజం. వెనక్కి తీసుకోవలసిన పని ఉండేది కాదు. ఒక పిల్ల బతుకు చుట్టూ రెండుసార్లు ఊరేగింపు జరిగేది కాదు. ఎవరో ఆటో డ్రైవర్లు తాము చేయని నేరానికి తలదించుకుని తిరగవలసి వచ్చేది కాదు.

ఇది మన దగ్గరే జరిగే తప్పు అనుకోకండి. అమెరికాలో రోలింగ్ స్టోన్ పత్రిక 2014 నవంబర్‌లో వర్జీనియా విశ్వవిద్యాలయం గురించి ఒక పెద్ద కథనం వేసింది. విద్యార్థుల క్లబ్బు ఇంట్లో ఏడుగురు తనపై అత్యాచారం చేశారని ఒక విద్యార్థిని చెప్పింది. రిపోర్టర్ ఆ మాట నమ్మింది. నమ్మడంలో తప్పు లేదు. ఆ రాత్రి తనను కలిశారని ఆమె చెప్పిన ముగ్గురు స్నేహితులతో మాట్లాడకపోవడం తప్పు. ప్రధాన నిందితుడిగా చెప్పిన వ్యక్తి అసలు ఉన్నాడో లేడో తేల్చుకోకపోవడం తప్పు. వాషింగ్టన్ పోస్ట్ విలేఖరులు ఆ స్నేహితులను వెతికి అడిగేసరికి కథనం నిలవలేదు. డిసెంబర్ మొదటి వారానికే పత్రిక సంజాయిషీ రాసుకుంది. తర్వాత తమ పొరపాటు ఎక్కడుందో తేల్చమని కొలంబియా విశ్వవిద్యాలయం జర్నలిజం కళాశాలను కోరింది. 2015 ఏప్రిల్‌లో ఆ నివేదిక వచ్చింది, కథనాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నారు. రిపోర్టింగ్, ఎడిటింగ్, సంపాదకుల పర్యవేక్షణ, నిజనిర్ధారణ, నాలుగింటిలోనూ లోపం ఉందని, మామూలుగా ప్రతి విలేఖరీ చేసే పని చేసి ఉంటే ఇది తప్పేదని ఆ నివేదిక తేల్చింది. కథనంలో చెడ్డగా చూపించిన ఒక విశ్వవిద్యాలయ అధికారిణికి 30 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని 2016 నవంబర్‌లో జ్యూరీ తేల్చింది.

ఆ ఉదంతంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండు సంగతులు. గట్టిగా అడిగితే ఆ అమ్మాయిని మళ్లీ గాయపరిచినట్టవుతుందన్న భయంతో కూడా పత్రిక కొన్ని చోట్ల వెనక్కి తగ్గింది. అంటే ఆ పొరపాటులో జాలి కూడా ఉంది. ఆ జాలి ఆమెను కాపాడలేదు. ఆ తర్వాత నిజంగా నష్టపోయి ఫిర్యాదుకు వచ్చిన ప్రతి అమ్మాయి మొహాన ఆ కథనం పేరు చెప్పి తలుపు వేయడానికి ఒక సాకు దొరికింది. రెండోది ఆ ఊరి పోలీసు అధికారి అన్న మాట. 2015 మార్చిలో, పత్రిక రాసినట్టు జరిగిందనడానికి ఆధారాలు దొరకలేదని చెబుతూనే, అంతమాత్రాన ఆమెకు ఆ రాత్రి ఏ ఘోరమూ జరగలేదని అర్థం కాదని ఆయన కలిపి చెప్పాడు. మన ప్రెస్‌మీట్లలో ఎవరైనా ఆ మాట అంటే, మీలో ఎవరైనా దాన్ని శీర్షికగా పెడితే, చూడాలని ఉంది.

ఆధారం అంటే ఏమిటన్న దగ్గర కూడా పెద్ద గందరగోళం ఉంది. ‘ఆమె మాట తప్ప ఆధారం ఏముంది?’ అని చర్చల్లో అడుగుతూ ఉంటారు. ఆమె మాట కూడా ఆధారమే. పంజాబ్‌లో 1984లో పరీక్ష రాసి ఇంటికి వెళుతున్న ఒక పదో తరగతి అమ్మాయిని కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేసి, మర్నాడు ఉదయం బడి దగ్గర వదిలేశారు. ఆమె లోపలికి వెళ్లి ఆ రోజు పరీక్ష రాసింది. నిజంగా జరిగి ఉంటే పరీక్ష హాల్లో టీచర్లకో స్నేహితురాళ్లకో ఎందుకు చెప్పలేదని ట్రయల్ కోర్టు అనుమానించి, ఆమె నడవడి మీద వ్యాఖ్యలు చేసి, నిందితులను వదిలేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. భయంతో, సిగ్గుతో, ఇంట్లో వాళ్లకే ముందు చెప్పుకోవాలన్న తలంపుతో ఆమె మౌనంగా ఉండటం సహజమంది. ఆమె సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే వేరే బలం అక్కర్లేదంది. గుర్మీత్ సింగ్ కేసు అని లా కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు కూడా చదువుకుంటారు. అయినా ‘రెండు నెలలు ఎందుకు ఆగింది?’, ‘ఆ మర్నాడు ఫెస్ట్‌లో నవ్వుతూ ఫొటో దిగిందిగా?’ అన్న ప్రశ్నలు మన స్టూడియోల్లో ఇంకా రుజువుల్లా చలామణీ అవుతూనే ఉన్నాయి. ప్రతిఘటించకపోవడం ఒక్కటే సమ్మతి కిందికి రాదని చట్టమే రాసి పెట్టింది.

మాట ఆధారమే కాబట్టి పరీక్ష అక్కర్లేదని నేను అనడం లేదు. ఐసీసీ గదిలో మా పని అదే. ఫిర్యాదు కాపీ అవతలి వ్యక్తికి ఇస్తాం, అతని జవాబు రాతపూర్వకంగా తీసుకుంటాం, ఇద్దరూ చెప్పిన సాక్షులను పిలుస్తాం, హాస్టల్ రిజిస్టర్లో ఎంట్రీ ఎన్ని గంటలకు పడిందో చూస్తాం, మెసేజ్‌లు ముక్కలుగా కాకుండా వరుసగా చదువుతాం. 90 రోజుల్లో ముగించాలి. అడగాల్సిన ప్రశ్నలన్నీ అడుగుతాం. కానీ ఆమె ఎలాంటిది అని మాత్రం అడగం. మీ పని మా పని లాంటిది కాదని తెలుసు, మీకు డెడ్‌లైన్ ఉంటుంది. అయినా ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు, మొదట ఎవరితో చెప్పింది, అవతలి వ్యక్తి ఏమంటున్నాడు అన్న ఐదు ప్రశ్నలకు 90 రోజులు పట్టవు.

నడవడి మీదికి వెళ్లే అలవాటు మన నగరంలో ఎంత పాతదో చెప్పుకోవాలి. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో, రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డుపడిన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్, రిక్షా తొక్కుకునే మనిషి, వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. అప్పుడు పోలీసుల తరఫు వాదనంతా ఒక్కటే, ఆమె మంచిది కాదు అని. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆ వాదనను పక్కనపెట్టి పోలీసులదే నేరమని తేల్చింది. కేసు రాయచూరుకు బదిలీ అయింది, 1981లో అక్కడ అందరూ విడుదలయ్యారు. ఒకవైపు సాక్ష్యాలు చూసిన కమిషన్, మరోవైపు మూడేళ్లు ఊరంతా తిరిగిన ఒక నింద. ఏది ఎక్కువ కాలం నిలిచిందో హైదరాబాద్‌లో పెద్దవాళ్లను అడగండి.

ఇక పోలీసులు చెప్పే మాట దగ్గర మీ కలం ఎందుకు అంత మెత్తబడుతుందో నాకు అర్థం కాదు. ఫిర్యాదుదారు మాటకు ‘ఆరోపించింది’ అని తగిలించే డెస్క్, కమిషనరేట్ నుంచి వచ్చిన ప్రెస్‌నోట్‌ను మాత్రం కామా కూడా మార్చకుండా వేస్తుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో ఒక ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపేశారు. ఎనిమిది నెలల తర్వాత పోలీసులు నందిగామ ప్రాంతపు ఒక పేద యువకుడిని పట్టుకుని ఇతనే అన్నారు. ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్నారు, మీరూ అదే రాశారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని సాక్ష్య చట్టంలో బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉంది, కొత్త చట్టం 23వ సెక్షన్‌లోనూ ఉంది. ఎందుకుందో ప్రతి క్రైమ్ రిపోర్టర్‌కూ తెలుసు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ ఇతను కాదని మొత్తుకున్నారు. వాళ్ల కన్నా ఎక్కువ న్యాయం కోరుకునే వాళ్లు ఎవరుంటారు? అయినా ఆ గొంతు లోపలి పేజీల్లో ఉండిపోయింది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో కేసును మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేసే పని సీబీఐ చేతికి వెళ్లింది. పోలీసుల కథను మొదటి రోజే అనుమానించి ఉంటే అతనికి ఆ ఏళ్లు మిగిలేవి, అసలు నేరస్థుణ్ని వెతకడానికి సాక్ష్యాలు చల్లారకముందే సమయం దొరికేది.

శంషాబాద్ ఉదంతం మీ అందరి కళ్ల ముందు జరిగింది. 2019 నవంబర్ చివర ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపిన ఆ ఘోరం పచ్చి నిజం. అందులో ఎవరికీ సందేహం లేదు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు, ఆయుధాలు లాక్కున్నారు, ఎదురుకాల్పులు జరిపాం అన్న పోలీసుల కథను ప్రశ్నించిన గొంతులు ఎన్ని? పూలు చల్లిన దృశ్యాలు రోజంతా తిప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. పోలీసుల కథ నమ్మదగింది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని అభిప్రాయపడింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదికకు మీరిచ్చిన చోటు, ఆ పూలకిచ్చిన చోటులో ఎన్నో వంతు? దాడి జరగడం నిజమైనంత మాత్రాన, ఆ దాడి చుట్టూ అధికారులు చెప్పే ప్రతి మాటా నిజమైపోదు.

అంకెల విషయంలో ఇంకా దారుణం. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో ఒక యువ డాక్టరును అత్యాచారం చేసి చంపిన తర్వాత, శరీరంలో 150 గ్రాముల వీర్యం దొరికిందని, అది సామూహిక అత్యాచారమే అనడానికి రుజువని దేశమంతా తిరిగింది. తెలుగులోనూ చదివాం. ఏ డాక్టరును అడిగినా ఆ అంకె అసాధ్యమని ఒక్క నిమిషంలో చెప్పేవాడు. సుప్రీంకోర్టులో ఆ మాట ఎత్తిన లాయరును ప్రధాన న్యాయమూర్తి ఆపి, సోషల్ మీడియా చూసి వాదించవద్దని, పోస్ట్‌మార్టం నివేదిక తమ ముందే ఉందని, ఆ 150 దేని గురించో తమకు తెలుసని చెప్పవలసి వచ్చింది. నేరం నిజం. 2025 జనవరిలో శిక్ష కూడా పడింది. అంకె అబద్ధం. అదే ఆగస్టు చివర్లో కృష్ణా జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలున్నాయని, 300 వీడియోలు తీశారని గుప్పుమంది. పిల్లలు రాత్రంతా ఆందోళన చేశారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగింది, విచారణ అడగడం వాళ్ల హక్కు. కానీ ఆ 300 ఎవరు లెక్కపెట్టారు? కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పేనాటికి, ఆ హాస్టల్లో ఉన్న ప్రతి అమ్మాయి తల్లీ తన బిడ్డ వీడియో ఎక్కడ తిరుగుతోందో అని నిద్రలేకుండా గడిపింది.

కేసు కొట్టేశారంటే ఫిర్యాదు అబద్ధమని రాయడం ఇంకొక అలవాటు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లోనే అబద్ధమని మూసినవి వేరు, నిజమే కానీ ఆధారాలు చాలక మూసినవి వేరు. కోర్టులో అత్యాచారం కేసుల్లో శిక్ష పడేవి 30 శాతం లోపే. మిగతా కేసుల్లో ఫిర్యాదు చేసిన వాళ్లంతా అబద్ధమాడారని ఎవరూ అనలేరు. అన్నీ నిజమేనని కూడా అనలేరు. సాక్షి ఎదురు తిరగవచ్చు, రాజీ కుదిరి ఉండవచ్చు, దర్యాప్తు చెడిపోయి ఉండవచ్చు. ఏ కేసులో ఏం జరిగిందో తీర్పు చదివితే తెలుస్తుంది. ది హిందూ పత్రికలో రుక్మిణి ఎస్. 2014లో ఆ పనే చేశారు. 2013లో ఢిల్లీ జిల్లా కోర్టులు అత్యాచారం కేసుల్లో ఇచ్చిన తీర్పులన్నీ చదివారు. పూర్తిగా విచారణ జరిగిన వాటిలో 40 శాతం పైగా ఇద్దరి ఇష్టంతో జరిగిన సంబంధాల మీద పెట్టినవని, వాటిలో ఎక్కువ భాగం ఇష్టపడి వెళ్లిపోయిన జంటల్లో అబ్బాయి మీద అమ్మాయి తల్లిదండ్రులు పెట్టినవని తేలింది. ‘ఆడవాళ్లు అబద్ధపు కేసులు పెడుతున్నారు’ అనే వాళ్లకూ, ‘ప్రతి కేసూ నిజమే’ అనే వాళ్లకూ ఆ లెక్క మింగుడుపడదు. అక్కడ చాలా చోట్ల అబద్ధం అమ్మాయిది కాదు, కులమో పరువో కోసం ఆమె నోట మాట కుక్కిన పెద్దలది. సందేహం అంటే నాకు తెలిసి అది. వందల తీర్పులు చదివే ఓపిక. తెలంగాణ కోర్టుల మీద అలాంటి కథనం తెలుగులో చదవాలని ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నాను.

పేర్ల గురించి ఎక్కువ చెప్పను, చట్టం మీకు తెలుసు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద బాధితురాలి గుర్తింపు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు పేరు ఒక్కటే కాదు, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ వద్దంది, ఇలాంటి కేసుల ఎఫ్‌ఐఆర్‌లు బయట పెట్టొద్దని పోలీసులకు చెప్పింది. మీరు పేరు మారుస్తారు. కానీ కాలేజీ పేరు, బ్రాంచి, సంవత్సరం, సొంత మండలం, తండ్రి వృత్తి అన్నీ వేస్తారు. 60 మంది ఉన్న క్లాసులో ఆ ఐదు వివరాలకు సరిపోయే అమ్మాయి ఒక్కతే ఉంటుంది. మర్నాటి నుంచి ఆమె తరగతికి రాదు. ఆమెను చూసిన మిగతా పిల్లలు మా గది తలుపు తట్టడం మానేస్తారు. నేరం రుజువు కాకముందే అవతలి అబ్బాయి ఫొటో వేసినా అంతే నష్టం. విచారణ మొదలయ్యేసరికి సాక్షులు చూసింది చెప్పరు, మీ దగ్గర చదివింది చెబుతారు. నన్ను ఈ లేఖ రాయించిన బాధల్లో ఇది పెద్దది.

చివరగా మిమ్మల్ని ఒక పని అడుగుతాను. దీనికి ఏ అమ్మాయి పేరూ అక్కర్లేదు, బైట్ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఐసీసీ ఉండాలి, విద్యార్థుల వ్యవహారమైతే అందులో ఎన్నికైన విద్యార్థి సభ్యులుండాలి, ఏటా నివేదిక పంపాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని 2023 మేలో సుప్రీంకోర్టే అంది, కమిటీలు వేశారో లేదో చూడమని ప్రభుత్వాలను ఆదేశించింది. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో ఎన్ని కాలేజీలున్నాయో మీకు తెలుసు, వాటిలో చాలా వాటి ప్రకటనలు మీ మొదటి పేజీలోనే వస్తాయి. ప్రతి కాలేజీకీ వెళ్లి కమిటీ ఉందా, సభ్యులెవరు, బయటి సభ్యురాలు ఎక్కడి నుంచి వచ్చారు, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి అని అడగండి. ప్రభుత్వ సంస్థలైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘మా దగ్గర ఒక్క ఫిర్యాదూ లేదు’ అని ఏ యాజమాన్యమైనా గర్వంగా చెబితే, ఆ సున్నాను అనుమానించండి. దాన్ని అచ్చు వేసే ముందు ఆ కాలేజీ అమ్మాయిలను, పేర్లు రాయకుండా, కమిటీ గది ఎక్కడుందో తెలుసా అని అడిగి చూడండి.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు,
హైదరాబాద్